బ్రిజిడ్ శిలువ అల్లే పద్ధతి

ఐర్లాండ్‌లో సెయింట్ బ్రిజిడ్ అనే క్రైస్తవ పునీతురాలి పండుగ ఫిబ్రవరి 1న వస్తుంది. 2023 నుంచి ఆమె పేరిట సెలవు కూడా ఉంది. అది ఫిబ్రవరి మొదటి సోమవారం. 1వ తేదీ శుక్రవారం పడితే ఆ శుక్రవారమే. అయితే ఆమె పేరిట గడ్డితో నాలుగు చేతుల శిలువ అల్లేది పండుగ ముందు రోజు, జనవరి 31 సాయంత్రం.

చిత్తడి పొలాల్లో తుంగలా పెరిగే రష్ గడ్డి కావాలి. దాన్ని కొడవలితో కొయ్యరు, చేత్తో పీకుతారు. ఆచారం అదే. ఒకే లావున్న పచ్చి కాడలు 21 ఏరండి, విరిగితే వాడడానికి మరో నాలుగు పక్కన పెట్టుకోండి. కొస దగ్గరి పూగుత్తి కత్తిరించి, అన్నిటినీ 30 సెంటీమీటర్లకు సమం చేయండి. వాటిని ఆ రోజే వాడడం మంచిది. ఆలస్యమైతే తడిగుడ్డలో చుట్టి ఉంచండి.

ఒక కాడను నిలువుగా పట్టుకోండి. రెండోదాన్ని సగానికి మడిచి, ఆ మడత నిలువు కాడ నడుమును చుట్టేలా, రెండు కొసలూ కుడికి వచ్చేలా తగిలించండి. ఇప్పుడు మొత్తాన్ని గడియారం ముల్లుకు ఎదురు దిశలో పావు వంతు తిప్పండి. కుడికి ఉన్న కొసలు పైకి వస్తాయి. మూడో కాడను మడిచి, పైకి నిలబడ్డవాటన్నిటినీ కలిపి చుట్టండి. దీని కొసలూ కుడికే. మళ్లీ తిప్పండి, మళ్లీ చుట్టండి. ప్రతి కొత్త కాడా ముందుదాన్ని ఆనుకునే కూర్చోవాలి. మొదటి నిలువు కాడ పోను 20 మడత కాడలు, అంటే శిలువ ఒక్కో చేతికి ఐదు. నాలుగుతో భాగించలేని సంఖ్య అయితే చేతుల మందం సమంగా రాదు.

ఎక్కువగా చెడేది నడిమి చదరమే. తిప్పేటప్పుడు బొటనవేలు అక్కడినుంచి తీస్తే అల్లిక జారిపోతుంది. దిశ ఒక్కసారి మారినా నాలుగు చేతులు రావు, అక్కడిదాకా విప్పాల్సిందే. మడిచే చోట కాడ చిట్లుతుంటే అది ఎండిపోయిందన్నమాట. మడిచే ముందు ఆ చోటును వేళ్లతో నొక్కి లోపలి బెండు నలిపితే పచ్చి కాడ తేలిగ్గా వంగుతుంది.

ముందుగా చివరి కాడ ఉన్న చేతిని దారంతో కట్టండి, ఊడొచ్చేది అదే. తర్వాత మిగతా మూడు. కొసలు సమంగా కత్తిరించండి. రష్ ఎండేకొద్దీ కుంచించుకుపోతుంది కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడు కట్టిన ముడి వారం తిరిగేసరికి వదులవుతుంది. అప్పుడు మళ్లీ బిగించాలి. అంతవరకు బల్ల మీద పరిచి ఆరనివ్వండి. పచ్చిగానే వేలాడదీస్తే చేతులు వంకర తిరుగుతాయి.

ఆరిన శిలువను గుమ్మం పైన గానీ లోపలి దూలానికి గానీ పెడతారు. ఇంటికి నిప్పు అంటకుండా కాపాడుతుందని నమ్మకం. శిలువ అల్లే జనవరి 31 రాత్రే ఒక గుడ్డముక్కను బయట పొద మీద గానీ కిటికీ అంచున గానీ ఉంచుతారు. దాన్ని బ్రాట్ బ్రీడె అంటారు. బ్రిజిడ్ దీవెన పొందిన ఆ గుడ్డను ఉదయం లోపలికి తెచ్చి, తలనొప్పి వచ్చినవాళ్ల తలకు చుట్టడానికి ఏడాదంతా దాచుకుంటారు.