సంక్రాంతి కబడ్డీకి రిఫరీగా వెళ్తున్నారా? ముందే ఈ జాగ్రత్తలు చూసుకోండి

పండగ పోటీల్లో రిఫరీకి ఆటగాళ్లకన్నా గీత బయట నిలబడ్డవాళ్లతోనే టెన్షన్ ఎక్కువ. రెండు ఊళ్ల పంతానికి పందేలు కూడా తోడవుతాయి. బోనస్ పాయింట్ ఇచ్చినా గొడవే, ఇవ్వకపోయినా గొడవే. అందుకే సగం పని ఆట మొదలవకముందే అయిపోవాలి.

మగవాళ్ల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. దాని చుట్టూ రెండు మూడు గజాలు వదిలి తాడు కట్టించండి. జనం లాబీ (కోర్టు పక్క అంచున ఉండే పట్టీ) గీత మీదే కూర్చుంటే ఎవరి కాలు బయట పడిందో మీకే కనపడదు, ఇక మీ తీర్పును ఎవరు నమ్ముతారు? తాడు కట్టేదాకా విజిల్ ఊదనని కమిటీకి గట్టిగా చెప్పండి. తాత్కాలిక గ్యాలరీ వేసి ఉంటే కిక్కిరిసిపోనివ్వద్దు. 2021 మార్చిలో సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలప్పుడు గ్యాలరీ కూలి ఎంతోమంది గాయపడ్డారు.

జనాన్ని అదుపు చేయాల్సింది నిర్వాహకులు, మీరు కాదు. కమిటీలో దానికి ఎవరు బాధ్యులో ముందే తేల్చుకోండి. రెండు ఊళ్ల పెద్దమనుషుల్లో చెరొకరిని కోర్టు పక్కనే కూర్చోబెట్టించండి. కుర్రాళ్లు పోలీసు మాటకన్నా సొంత బాబాయి మాటకే ముందు తగ్గుతారు.

కేకలు, ఈలలు పట్టించుకోవద్దు. తిట్టేవాడి వైపు ఒకసారి చూశారా, వాడికి ఇంకా ఊపొస్తుంది. తీర్పు ఎందుకిచ్చారో కెప్టెన్‌కి ఒక్క మాటలో చెబితే చాలు. కానీ ఎవరైనా తాడు దాటి వచ్చినా, రాయి విసిరినా, ఆడపిల్లల మ్యాచ్‌లో బూతులు మాట్లాడినా అస్సలు ఊరుకోకండి. ఆట, గడియారం రెండూ ఆపించండి. స్కోరు ఎంత, ఎంత సమయం మిగిలింది, రైడ్ ఎవరిది అన్నవి స్కోరు షీట్‌లో రాయించండి. తర్వాత జనాన్ని అదుపు చేయాల్సిన ఆ కమిటీ బాధ్యుణ్ని వాళ్ల దగ్గరికి పంపండి. మీరు మాత్రం జనంలోకి అడుగు పెట్టొద్దు.

మళ్లీ మొదలుపెట్టాక కూడా అదే జరిగితే ఆట ఆపేయడమే. 1996 క్రికెట్ ప్రపంచకప్ సెమీఫైనల్లో, ఈడెన్ గార్డెన్స్‌లో సీసాలు వచ్చి పడుతుంటే మ్యాచ్ రిఫరీ క్లైవ్ లాయిడ్ కాసేపు ఆపి, మళ్లీ ఆడించి చూసి, లాభం లేక శ్రీలంక గెలిచినట్టు ప్రకటించారు. ఊళ్లో అయితే అలాంటి నిర్ణయాన్ని అక్కడికక్కడే మైకులో చెప్పకండి, కమిటీకి రాసివ్వండి.

చివరి విజిల్ తర్వాత ఇంకా జాగ్రత్త కావాలి. బండి ముందే రోడ్డు వైపు తిప్పి పెట్టుకోండి. ఓడిన ఊరివాళ్ల మధ్యలోంచి ఒంటరిగా వెళ్లొద్దు, అంపైర్లు, స్కోరర్లు అందరూ కలిసే బయల్దేరండి. చేయి చేసుకునేదాకా వస్తే వెంటనే 112కి ఫోన్ చేయండి. ఆ రాత్రే జరిగింది జరిగినట్టు రాసి, జిల్లా కబడ్డీ అసోసియేషన్‌కు ఇవ్వండి.