మైన్‌క్రాఫ్ట్ ఆవుకు మన బర్రె గొంతు పెట్టడం ఎలా?

కంప్యూటర్‌లో ఆడే మైన్‌క్రాఫ్ట్ గేమ్ జావా ఎడిషన్‌లో శబ్దాలు మార్చడానికి కోడింగ్ అక్కర్లేదు. గేమ్ వెతికే చోట, అది వెతికే పేరుతో మన ఫైల్ ఉంటే దాన్నే వినిపిస్తుంది. కష్టమంతా మంచి శబ్దం పట్టుకోవడంలోనే.

హన్మకొండ నుంచి ములుగు రోడ్డు మీద ఏ ఊళ్లోకి పోయినా, పాలు పిండే వేళకు కొట్టంలో బర్రె దుడ్డె కోసం అరుస్తుంది. ఫోన్ చాలు. గాలికి మీ ఒళ్లు అడ్డం పెట్టి, మూడు నాలుగు అడుగుల దూరం నుంచి రికార్డ్ చేయండి. పక్కన బోరు మోటార్ నడుస్తుంటే ఆగేదాకా చూడండి. ఆ హోరును తర్వాత తీసేయొచ్చు గానీ, గొంతు కూడా రేకు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది. కనీసం నాలుగు అరుపులు కావాలి.

ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరవండి. ఫోన్ ఇచ్చిన ఎం4ఏ ఫైల్ తెరుచుకోకపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే అదనపు సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. ఒక్కో అరుపును ఒకటి రెండు సెకన్లకు కత్తిరించి, మొదట్లో ఖాళీ లేకుండా చూసి, చివర శబ్దం మెల్లగా తగ్గేలా ఫేడ్ ఔట్ ఇవ్వండి. తర్వాత మోనోలోకి, అంటే ఒకే చానెల్‌లోకి మార్చండి. ఇది మర్చిపోవద్దు! స్టీరియో ఫైల్‌కు గేమ్ దూరాన్ని లెక్కలోకి తీసుకోదు, గుట్ట అవతలి ఆవు కూడా చెవి పక్కనే అరుస్తుంది. ఓగ్ వోర్బిస్ (ఓజీజీ) అనే ఫైల్ రకంగా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఎంపీ3 ఫైల్ పేరు చివర ఓజీజీ అని మార్చినంత మాత్రాన పనిచేయదు.

ఇక ఫోల్డర్లు. గేమ్ రిసోర్స్‌ప్యాక్స్ ఫోల్డర్‌లో మీ ప్యాక్‌కు, అంటే గేమ్ శబ్దాలను మార్చే మీ ఫైళ్ల కట్టకు, ఒక ఫోల్డర్ చేసి, అందులో ప్యాక్ డాట్ ఎంసీమెటా అనే చిన్న టెక్స్ట్ ఫైల్ పెట్టండి. దానిలో రాసే ఫార్మాట్ నంబర్ మీ గేమ్ వెర్షన్‌ను బట్టి మారుతుంది. దాని పక్కనే ఎసెట్స్, ఆ లోపల మైన్‌క్రాఫ్ట్, సౌండ్స్, మాబ్, కౌ అని ఒకదాంట్లో ఒకటి. మీ అరుపులకు సే1 నుంచి సే4 వరకు పేర్లు ఇవ్వండి. పేర్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే, ఖాళీలు లేకుండా ఉండాలి. గేమ్ ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ఎంచుకుంటుంది కాబట్టి ఒక్కటే మారిస్తే మధ్యమధ్యలో పాత ఆవే అరుస్తుంది.

ఆప్షన్స్‌లో ప్యాక్‌ను ఆన్ చేయండి. ఫైళ్లు మార్చిన ప్రతిసారీ గేమ్ మూసి తెరవనక్కర్లేదు, ఎఫ్3, టీ కలిపి నొక్కితే చాలు. అసలేమీ వినపడకపోతే ముందు ఫ్రెండ్లీ క్రీచర్స్ వాల్యూమ్ చూడండి.

దెబ్బ తగిలినప్పటి అరుపులు హర్ట్ పేరుతో వేరే ఫైళ్లు. వాటిని వదిలేస్తే, కొట్టగానే మీ బర్రె మళ్లీ ఆవైపోతుంది.