బావిలోకి దిగే ముందు ఊపిరి లెక్క చూసుకోండి

ఎండలు ముదిరేసరికి బావులు అడుగంటుతాయి. మృగశిర చినుకులు పడేలోపే పూడిక తీయించేద్దామని అందరికీ ఒకేసారి తోస్తుంది. ఈ రోజుల్లోనే జిల్లా పేజీలో ఓ మూల ఆ వార్త కనబడుతుంది. మోటారు చూడ్డానికి దిగినాయన పలకలేదు, ఆయన కోసం తమ్ముడు దిగాడు, తమ్ముడి కోసం పక్క పొలం అతను దిగాడు. ఈత రాక పోయారనుకుంటాం. చాలాసార్లు అక్కడ మోకాలి లోతు నీళ్లు కూడా ఉండవు, ప్రాణం తీసేది అడుగున నిలిచిన చెడ్డ గాలి.

బడిలో ఏళ్ల తరబడి శ్వాసవ్యవస్థ పాఠం చెప్పినవాణ్ని. బొమ్మ గీసి భాగాలు గుర్తించండి అనేవాణ్ని, మార్కులు వేసేవాణ్ని. బావికి పనికొచ్చే ముక్క ఆ పాఠంలోనే ఉంది. నేనే దాన్ని గబగబా దాటేసేవాణ్ని. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

ముక్కులోంచి వెళ్లిన గాలి గొంతు దాటి వాయునాళంలోకి దిగుతుంది. అది అరజానెడు గొట్టం. అక్కడినుంచి రెండుగా చీలి, ఆ రెండూ మళ్లీ చీలి, ఇరవైకి పైగా చీలికల తర్వాత వాయుగోణులనే బుల్లి గాలి సంచుల దగ్గర ఆగుతుంది. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి ఇవి సాధారణంగా 30 కోట్లకు తక్కువ ఉండవు. వాటి గోడ వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలచన. గోడకు ఇటు గాలి, అటు రక్తం. గాలిలోని ప్రాణవాయువును రక్తంలోకి నెట్టే పంపు అక్కడ ఏదీ లేదు. కాలువ నీరు పల్లానికి పారినట్టు, ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి అదే పోతుంది. బయటి గాలిలో అది 21 శాతం దాకా ఉంది కాబట్టి పల్లం ఎప్పుడూ రక్తం వైపే.

బావి అడుగున ప్రాణవాయువు దాదాపు లేని గాలి పీల్చారనుకోండి, పల్లం తిరగబడుతుంది. రక్తంలో మిగిలి ఉన్న ప్రాణవాయువు కూడా వాయుగోణుల్లోకి వచ్చి, వదిలిన ఊపిరితో బయటికి పోతుంది. చెరువులో మునిగి ఊపిరి బిగబట్టిన కుర్రాడు నిమిషం పాటు నిలుస్తాడు, వాడి సరుకు వాడి దగ్గరే ఉంటుంది గనక. ఇక్కడ పీల్చిన ప్రతి ఊపిరీ ఉన్నదాన్ని తోడేస్తుంది. కొన్ని సెకన్లలోనే మనిషి కూలబడిపోతాడు. ‘ఒక్క క్షణం దిగి చూసొస్తా’ అనడం అందుకే ప్రమాదం.

ముందే ఆయాసం రాదా, తెలియదా అని అడుగుతారు. రాకపోవచ్చు. ఊపిరాడటం లేదన్న బాధ మనకు ముఖ్యంగా ప్రాణవాయువు తగ్గినందుకు కలగదు, రక్తంలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పెరిగినందుకు కలుగుతుంది. మెదడు అడుగున ఉన్న మజ్జాముఖం కాపు కాసేది దాన్నే. ఊపిరి మామూలుగా వస్తూ పోతూ ఉంటే ఆ వాయువు బయటికి పోతూనే ఉంటుంది, కాబట్టి గంట మోగదు. కాస్త తల తేలికైనట్టు ఉంటుంది, అంతే. ఇంకొన్ని బావుల్లో బొగ్గుపులుసు వాయువే నిండి ఉంటుంది. అక్కడ రొప్పు వస్తుంది, తలపోటు వస్తుంది, కానీ మోతాదు ఎక్కువైతే నాలుగు మెట్లు ఎక్కేంత వ్యవధి కూడా ఇవ్వదు.

రాలిన ఆకులు, పడి చచ్చిన పిల్లులు, ఏళ్లనాటి బురద కుళ్లుతూ అక్కడి ప్రాణవాయువును తినేస్తాయి. పుట్టే బొగ్గుపులుసు వాయువు గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, అడుగునే మడుగు కడుతుంది. పైన రేకులో బండలో కప్పి నెలల తరబడి వదిలేసిన బావి మరీ చెడ్డది. బురదలో చిక్కుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్ పార వేసి కెలికినప్పుడు లేస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది కదా, తెలుస్తుందిలే అనుకోవద్దు. మోతాదు పెరిగితే అది ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన తగ్గిందంటే గాలి బాగుపడిందని కాదు.

మా నాన్న బావిలోకి ముందు లాంతరు దించేవాడు. ఆరిపోతే ఆ రోజు పని లేదు. మంచి అలవాటే, కానీ సగం లెక్కే. ప్రాణవాయువు 16 శాతం దగ్గరికి పడిపోతేగాని దీపం ఆరదు, అప్పటికే మనిషికి బుర్ర మందగిస్తుంది. విషవాయువులు దీపాన్ని ఆర్పవు కూడా. ఇక మీథేన్ అనే మండే వాయువు ఉండే చోట, అంటే సెప్టిక్ ట్యాంకులో, మురుగు గుంటలో మంట దించితే పేలవచ్చు. దీపం ఆరితే దిగకూడదన్నది ఖాయం, వెలిగితే దిగొచ్చన్నది కాదు. ఇప్పుడు నాలుగు వాయువులను కొలిచే చేతిమీటర్లు ఉన్నాయి. తాడుతో అడుగుదాకా దించి, బురద కెలికించి చూడాలి. ప్రాణవాయువు 19.5 శాతానికి తక్కువ చూపితే మనిషి దిగకూడదు. పని సాగుతున్నంతసేపూ మీటరు బావిలో ఉన్నవాళ్ల దగ్గరే ఉండాలి, ఎందుకంటే ఉదయం బాగున్న గాలి మధ్యాహ్నానికి ఉండాలని లేదు. మీటరు దొరకదంటారా, అయితే పూడిక కూడా క్రేను తొట్టితో పైనుంచే తీయించండి. ఖర్చు ఎక్కువే, ఒప్పుకుంటాను.

మూత ముందురోజే తీసిపెట్టండి. వేపమండల కట్ట తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడించడం, నీళ్లు చల్లడం మన పల్లెల్లో ఉన్నదే. గాలి కాస్త కదులుతుంది, దాన్నే నమ్ముకోలేం. గాలి ఊదే బ్లోయరు గొట్టం అడుగుదాకా వేసి, మనుషులు పైకి వచ్చేదాకా ఆపకుండా నడపాలి. గొట్టం మధ్యలోనే వేలాడితే కింది మడుగు కదలదు.

నీళ్లు తోడటానికి డీజిల్ ఇంజను బావిలోకే దించుతారు కొందరు. ఇంతకంటే చెడ్డ పని లేదు. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడ్, రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను, ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. రంగు లేదు, వాసన లేదు. ఇంజను గట్టుమీద, గాలివాలుకు ఉండాలి, పొగ బావివైపు రాకూడదు.

తువ్వాలు చుట్టుకోవడం, కోవిడ్ నాటి మాస్కు పెట్టుకోవడం దుమ్ముకు పనికొస్తాయి. వాయువును ఆపవు, లేని ప్రాణవాయువును పుట్టించవు.

దిగే మనిషికి నడుముకు మోకు కట్టడం చాలదు, స్పృహ తప్పితే జారిపోతాడు. ఛాతీకీ తొడలకూ పట్టీలుండే బెల్టు కావాలి, దాని తాడు గట్టుమీద కప్పీకి ఉండాలి. గట్టున ఇద్దరు కదలకుండా ఉండాలి, కింది మనిషితో మాట్లాడుతూనే ఉండాలి. జవాబు తడబడితే లాగేయడమే, కారణాలు తర్వాత. ఉబ్బసం, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లను, కల్లో మందో పుచ్చుకున్నవాళ్లను దించొద్దు. సెప్టిక్ ట్యాంకయితే అసలు మనిషినే దించొద్దు. రక్షణ సామగ్రి లేకుండా ఆ పని చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది, మురుగు పీల్చే సక్షన్ బండిని పిలవండి.

కింద ఎవరైనా పడిపోతే వెనకే దూకకండి. అన్న పడి ఉంటే ఆగడం ఎంత కష్టమో తెలుసు. కానీ ఆయన్ను పడేసిన గాలే మీకూ అక్కడ ఉంది. తాడుంటే లాగండి, బ్లోయరు పెంచండి, 101కు, 108కు ఫోన్ చేయండి. సొంత గాలి సిలిండరు వీపున ఉన్న ఫైర్ సిబ్బందే దిగాలి.

పైకి తెచ్చాక ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతుకు నొక్కుతూ ఉండండి. ఊపిరి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు పోయొద్దు. లేచి కూర్చుని ‘బాగానే ఉన్నా’ అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, విషవాయువు తగిలిన ఊపిరితిత్తుల్లో కొన్ని గంటల తర్వాత నీరు చేరవచ్చు. ఇంట్లో ఉన్న ఆక్సీమీటరు వేలికి పెట్టి 98 చూపిందని వదిలేయొద్దు. పొగ పీల్చినవాడి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను కూడా ఆ పరికరం ప్రాణవాయువు ఖాతాలోనే వేస్తుంది. డాక్టరుకు బావి సంగతి, ఇంజను సంగతి ముందే చెప్పండి.