పీఎఫ్ క్లెయిమ్ తిరిగొస్తోందా? మళ్లీ పెట్టే ముందు ఇది చూడండి

పైడిభీమవరం, రాజాం, బొబ్బిలి గ్రోత్ సెంటర్, ఎక్కడ పనిచేసినవారిదైనా ఒకటే వరస. రిజెక్ట్ అని మెసేజ్ రాగానే నెట్ సెంటర్‌కి వెళ్లి అదే ఫారం మళ్లీ పెట్టిస్తారు. అది మళ్లీ తిరిగొస్తుంది. క్లెయిమ్ స్టేటస్‌లో రిజెక్ట్ పక్కనే కారణం రాసి ఉంటుంది, ముందు అది చదవండి. యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికిచ్చే 12 అంకెల నంబరు) యాక్టివేట్ అయిందని, ఆధార్‌లో మీ ఫోన్ నంబరే ఉందని అనుకుని మిగతాది చెబుతున్నాను.

పేరు, పుట్టినతేదీ కలవలేదు

ఆధార్‌లో పైడి అప్పలస్వామి, సూపర్‌వైజరు రాసిచ్చిన జాబితాలో పి.అప్పలస్వామి. ఆడవాళ్లకైతే పెళ్లికి ముందు ఇంటిపేరు ఒకచోట, తర్వాతది ఇంకోచోట. 2017 అక్టోబరు 1 తర్వాత వచ్చి, ఆధార్‌తో సరిచూసిన యూఏఎన్ అయితే ఈ వివరాలు మీరే పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ పోర్టల్‌లో దిద్దుకోవచ్చు. అంతకంటే పాతదైతే జాయింట్ డిక్లరేషన్ (మీరూ యజమానీ కలిసి ఇచ్చే దిద్దుబాటు అర్జీ) పెట్టి, యజమాని చేత ఆమోదం వేయించుకోవాలి.

అన్నీ సరిగానే ఉన్నాయి, అయినా తిరిగొస్తోంది

అసలు చిక్కు ఇక్కడే. ఆరేళ్లుగా ఒకే గేటులోంచి వెళ్తున్నారు, అదే మెషీను, అదే షిఫ్టు. మధ్యలో లేబర్ కాంట్రాక్టర్ రెండుసార్లు మారాడు. మీ లెక్కలో అది ఒక ఉద్యోగం, పీఎఫ్ లెక్కలో మూడు. ఒక్కో కాంట్రాక్టర్ కింద ఒక్కో మెంబర్ ఐడీ (పీఎఫ్ ఖాతా నంబరు) పుడుతుంది. పోర్టల్‌లో 'వ్యూ' కింద 'సర్వీస్ హిస్టరీ' తెరిచి ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టండి. క్లెయిమ్ పెట్టే ముందు చేయాల్సిన మొదటి పని ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే.

ప్రతి వరసలో చేరిన తేదీ, మానిన తేదీ చూడండి. పాత కాంట్రాక్టర్ మానిన తేదీ వేయకుండానే వెళ్లిపోయి ఉంటే 'మేనేజ్'లో 'మార్క్ ఎగ్జిట్' నొక్కి మీరే వేసుకోవచ్చు. చివరి చందా (నెలనెలా కట్టే పీఎఫ్ సొమ్ము) పడి రెండు నెలలు దాటాలి, ఆధార్ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. తేదీ చివరి చందా నెలలోనిదై ఉండాలి. పాస్‌బుక్‌లో డబ్బు జమైన తేదీ చూసి వేసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. మార్చి జీతం మీద పీఎఫ్ ఏప్రిల్ 15 లోపు కడతారు. జమ తేదీ చూసి ఏప్రిల్ అని వేస్తే, ఏప్రిల్ 1న కొత్త కాంట్రాక్టర్ కింద చేరినట్టు ఉన్న వరసతో ఢీకొంటుంది. చూడాల్సింది జీతం నెల. ఒకసారి వేసిన తేదీని అక్కడే దిద్దుకునే వీలుండదు, నెట్ సెంటర్ కుర్రాడి చేత వేయించకండి.

కాంట్రాక్టర్లే తేదీలు తప్పు వేసి రెండు సర్వీసులు ఒకదాని మీద ఒకటి పడితే, ఏ నెలలో రెండు ఐడీల్లోనూ చందా ఉందో పాస్‌బుక్‌లలో పట్టుకోండి. ఆ నెల జీతం చీటీ, గేటు పాస్ జతచేసి, తప్పు వేసిన వరసకి జాయింట్ డిక్లరేషన్ పెట్టాలి. తేదీలు కుదిరాక 'వన్ మెంబర్ వన్ ఈపీఎఫ్ అకౌంట్' నుంచి పాత ఐడీల డబ్బు ఇప్పటి ఐడీలోకి మార్చుకోండి. క్లెయిమ్ ఆ తర్వాతే.

తొందరపడి చివరి ఐడీ ఒక్కదానికే ఫారం 19 (పీఎఫ్ డబ్బుకి), 10సీ (పింఛను డబ్బుకి) పెట్టేస్తే పాత డబ్బు అక్కడే మూలుగుతుంది. సర్వీసు ముక్కలై ఐదేళ్లు నిండనట్టు కనిపిస్తే, తీసే డబ్బు 50,000 దాటితే పాన్ ఉన్నా మొత్తం మీద 10 శాతం పన్ను కోస్తారు. 10సీతో పింఛను డబ్బు తీసేసుకుంటే ఆ ఏళ్లు పింఛనుకి కావాల్సిన పదేళ్ల సర్వీసు లెక్కలోంచి కూడా పోతాయి.

పాస్‌బుక్‌లో నెలలు ఖాళీ

చీటీలో కోత ఉంది, పాస్‌బుక్‌లో జమ లేదు. కాంట్రాక్టర్ కట్టకపోతే పని చేయించుకున్న కంపెనీయే కట్టాలి, తర్వాత అతని బిల్లులోంచి రాబట్టుకుంటుంది. 'మాకు సంబంధం లేదు' అని హెచ్ఆర్ అంటే నమ్మకండి. ఆలస్యానికి ఏడాదికి 12 శాతం వడ్డీ, దానికి తోడు అపరాధ రుసుమూ యజమానిపైనే పడతాయి. ఈపీఎఫ్ఓ గ్రీవెన్స్ పోర్టల్‌లో చీటీలు జతచేసి ఫిర్యాదు పెట్టండి.

యజమాని వాటా తక్కువగా ఉంది

చాలావరకు తప్పేమీ ఉండదు. 12,000 జీతానికి మీ కోత 1,440. యజమానీ అంతే కడతాడు, అందులో 1,000 పింఛనుకి పోతుంది, 440 పీఎఫ్‌లో కనిపిస్తుంది. అయితే మీ చీటీలోనే 2,880 కోస్తుంటే అది చట్టవిరుద్ధం. యజమాని వాటా మీ జీతంలోంచి తీయకూడదు.

పలాస జీడిపప్పు పనిలో 'కిలోకింత కూలీ, పీఎఫ్ ఉండదు' అనే మాట తరచూ వినిపిస్తుంది. ఇరవై మంది ఉన్న యూనిట్‌లో కిలో లెక్క కూలీలూ పీఎఫ్ పరిధిలోకే వస్తారు.

క్లెయిమ్ పాసై డబ్బు బ్యాంకు నుంచి వెనక్కి పోయిందంటే ఐఎఫ్ఎస్‌సీ (బ్యాంకు శాఖ కోడ్) చూడండి, బ్యాంకులు కలిసినప్పుడు అది మారి ఉండొచ్చు. ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది, గ్రామీణ వికాస్ బ్యాంకు 2025 మేలో ఏపీ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది.

ఏదీ తెగకపోతే నెలనెలా 27న జిల్లాలో జరిగే 'నిధి ఆప్కే నికట్' శిబిరానికి వెళ్లండి. ఆరోజు సెలవైతే తర్వాతి పనిదినాన పెడతారు. అన్ని ఐడీల పాస్‌బుక్‌లు, సర్వీస్ హిస్టరీ ప్రింటు, జీతం చీటీలు పట్టుకెళ్లండి. ఉత్త ఆధార్ జిరాక్స్‌తో వెళ్తే అవి తెమ్మని వెనక్కి పంపేస్తారు.