కొత్త బడిలో మొదటి వారం: ముందు ఆఖరి బెంచీలో కూర్చోండి

బదిలీ మీద కొత్త బడికి వెళ్తున్న టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. కోనసీమలో లెక్కల టీచరుగా నాకిది నాలుగో బడి. ఎక్కడికెళ్ళినా మొదటి వారం పాఠం మొదలుపెట్టను. ఆ గది సంగతేంటి, ఆ పిల్లల సంగతేంటి అని చూసుకుంటాను. సిలబస్ వెనకబడిపోతుందని టెన్షన్ పడకండి.

మొదటిరోజు అరగంట ముందే వెళ్ళి, గది తాళం తీయించుకుని, బోర్డు మీద మీ మామూలు సైజులో 3, 8, 6, 0 రాయండి. వెళ్ళి ఆఖరి బెంచీలో ఈ చివర ఒకసారి, ఆ చివర ఒకసారి కూర్చుని చూడండి. మా ఎనిమిదో తరగతి గదికి తూర్పున కిటికీలు. రెండో పీరియడ్‌కి ఎండ ఏటవాలుగా పడి, కిటికీ పక్కన మూరెడు మేర బోర్డు మెరిసిపోతుంది. అవతలి గోడ పక్క వరుసకి అక్కడ రాసింది ఒక్క ముక్క కనపడదు. ఆ మూరెడూ ఖాళీగా వదిలేస్తాను. పిల్లలు వచ్చాక అవే అంకెలు చదివించండి. 3ని 8 అన్నా, పక్కవాడి నోట్సులోకి చూసి చెప్పినా ఆ బిడ్డని ముందు బెంచీకి తెచ్చి, ఇంట్లోవాళ్ళకి కళ్ళు చూపించమని కబురు పెట్టండి. చదువు రాదనుకున్న పిల్లలకి కళ్ళజోడు రాగానే మార్కులు వచ్చిన సందర్భాలు నేను చూశాను.

రేకుల గది ఇస్తే ఇంకో జాగ్రత్త. వాన పడితే మీ గొంతు మూడో బెంచీ కూడా దాటదు. అరిచి గొంతు పాడుచేసుకోకండి. వానరోజు చేయించడానికి రాతపని ఒకటి ముందే సిద్ధంగా ఉంచుకోండి.

పేర్లు మూడు రోజుల్లో వచ్చేయాలి. నేను బెంచీల బొమ్మ గీసుకుని పెన్సిలుతో పేర్లు రాసుకుంటాను. మా వైపు ఒక్క సెక్షన్‌లోనే ముగ్గురు దుర్గలు, ఇద్దరు వీరబాబులు ఉంటారు, కాబట్టి ఇంటిపేరు కూడా కావాలి. పిల్లని "నువ్వే, నీలం రిబ్బను" అని పిలవకండి.

పేరు పక్కనే ఏ ఊరు, ఏ రేవు దాటి వస్తారు అన్నది కూడా రాసుకోండి. డెల్టాలో ఇది అన్నిటికంటే ముఖ్యం. నా మొదటి బడిలో ఒక పిల్లాడు రోజూ ప్రార్థన అయ్యాక వచ్చేవాడు. వారం రోజులు బయట నిలబెట్టాను. తర్వాత తెలిసింది, వాడిది లంక, అంటే గోదావరి పాయల మధ్య ఉన్న దీవి ఊరు. పడవ నిండితేగానీ కదలదు. ఆ బాధ నాకింకా పోలేదు. పి. గన్నవరం మండలంలో బూరుగులంక, ఊడిమూడిలంక లాంటి ఊళ్ళకి వరద రోజుల్లో పడవే దారి. జులైలో గోదావరికి ఎర్రనీరు తగిలితే పేపర్లో ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టం చూస్తూ ఉండండి. అక్కడ 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది ఇస్తారు. పల్లపు లంకల దారులు ఇంకా ముందే మునుగుతాయి. ఆ పిల్లలు వారం రాకపోవచ్చు. కొత్త పాఠాలు ఆ వారంలో పెట్టకండి, పాతవి చేయించండి.

మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో క్యారేజీ విప్పకుండా పిల్లల పక్కన కూర్చుని తినండి. బడి భోజనానికి పేరు పెట్టింది మా లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారిది. వేళ కాని వేళలో వచ్చినవాళ్ళకీ అన్నం పెట్టిన ఇల్లాలు ఆవిడ. ఎవరు గుడ్డు దాచి చెల్లికి పట్టుకెళ్తున్నారో, ఎవరు రెండోసారి అడగడానికి మొహమాటపడుతున్నారో ఆ వరుసలోనే తెలుస్తుంది. వంట చేసే అమ్మలనీ, ఆయమ్మనీ అండీ అని పిలవండి. ఊరి సంగతులన్నీ వాళ్ళకి తెలుసు.

నాలుగోరోజు అందరికీ ఒక తెల్లకాగితం ఇచ్చి ఒకే లెక్క వేయించండి: 504లోంచి 267 తీసేయాలి. మార్కులుండవని ముందే చెప్పండి. 237 వచ్చినవాళ్ళని పక్కన పెట్టి, తప్పుల్ని చూడండి. 363 వేసినవాళ్ళు పైనా కిందా చూడకుండా ప్రతి స్థానంలో పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశారు. 347 వేసినవాళ్ళకి అప్పు తెచ్చుకోవడం వచ్చు, అప్పు ఇచ్చిన అంకెని తగ్గించడం మర్చిపోయారు. ఈ ఇద్దరికీ చెప్పాల్సింది ఒకటి కాదు. మొదటివాళ్ళకి పదేసి పుల్లల కట్టలు విప్పి చూపించాలి. రెండోవాళ్ళకి కొట్టేసి పైన కొత్త అంకె రాసే అలవాటు చేయిస్తే చాలు. ఎనిమిదో తరగతికి ఈ లెక్కా అని హెచ్‌ఎం గారు అడిగితే ఆ కాగితాలే చూపించండి.

రిజిస్టర్లు, హాజరు యాప్, టైమ్‌టేబుల్ సంగతి సీనియర్లని అడిగితే ఒక పూటలో నేర్పేస్తారు.

శనివారం సాయంత్రం ఆ కాగితాలని మూడు కట్టలు చేసి, బెంచీల బొమ్మ పక్కన పెట్టుకుని, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలో రాసుకోండి. లంక పిల్లల పక్కన, వాళ్ళు రాని రోజు నోట్సు రాసిపెట్టే పిల్లలుండాలి. సోమవారం బోర్డు మీద మొదటి లెక్క మళ్ళీ ఆ 504లోంచి 267 తీసివేతే, కిటికీ పక్క మూరెడు వదిలేసి.