కొండచరియలు విరిగిపడ్డ ఘాట్ రోడ్ల మీద వెళ్లాల్సి వస్తే

వాన ఆగింది, ఎండ కాసింది కదా అని చాలామంది వెంటనే బయల్దేరిపోతారు, కానీ కొండలోకి ఇంకిన నీళ్లు అంత తొందరగా దిగిపోవు, మట్టి నానిపోయి బరువెక్కి పట్టు వదిలేసి ఉంటుంది, అందుకే వాన తగ్గిన కొన్ని రోజులకి కూడా చరియలు జారతాయి. వాయిదా వేసుకునే వీలుంటే దయచేసి వేసుకోండి.

తప్పదు అంటే తెల్లారగానే బయల్దేరి చీకటి పడేలోపు చేరిపోవాలి. రాత్రికి గది తీసుకునేటప్పుడు కూడా వాగు ఒడ్డున, కొండ కింద వద్దు. 2024 జూలై 30న వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల ఊళ్ల మీదికి బురద, బండలు వచ్చిపడింది తెల్లవారకముందే, జనం నిద్రలో ఉండగా.

మ్యాప్‌లో రోడ్డు బాగానే చూపిస్తోందని నమ్మొద్దు, సిగ్నల్ లేని చోట రోడ్డు తెగిపోయినా దానికి తెలీదు. ఎదురొచ్చే డ్రైవర్లని ఆపి అడగండి, వాళ్లు ఇప్పుడే చూసొచ్చారు. ఆఫ్‌లైన్ మ్యాప్, చేతిలో క్యాష్, ట్యాంకులో సగానికి తగ్గకుండా పెట్రోల్ ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం రోడ్డుని చదవడం. తారు మీద పచ్చి మట్టి అంటుకున్న రాళ్లు పడి ఉండి, వాటి మీద టైరు గుర్తులు లేకపోతే అవి ఇప్పుడిప్పుడే పడ్డాయన్నమాట, అక్కడ ఫోటోల కోసం కాదు కదా దేనికీ ఆగొద్దు. జేసీబీ దారి తీస్తోందని ట్రాఫిక్ ఆగితే కొండని కోసిన చోటు కింద కాకుండా వెనక్కి, పైన వాలు లేని చోట ఆపండి, పాటలు కట్టేసి అద్దాలు దించండి, రాళ్లు దొర్లే చప్పుడు, చెట్లు విరిగే చప్పుడు ముందే వినిపిస్తుంది.

వాగులో నీళ్లు ఉన్నట్టుండి బురదగా మారినా, ఉన్నట్టుండి తగ్గిపోయినా ప్రమాదమే. తగ్గాయంటే పైన ఎక్కడో చరియ పడి నీళ్లు నిలిచిపోయి ఉండొచ్చు, ఆ కట్ట తెగితే మొత్తం ఒకేసారి వస్తుంది, క్షణం ఆలోచించకుండా వాగుకి దూరంగా పక్కకి, ఎత్తుకి వెళ్లాలి, వాగు వెంబడి కిందికి మాత్రం పరుగెత్తొద్దు. రోడ్డు మీద పారే నీళ్లలోకి బండి దింపొద్దు, 30 సెంటీమీటర్ల లోతు చాలు చిన్న కారు తేలిపోవడానికి, పైగా ఆ బురదనీళ్ల కింద అసలు రోడ్డు ఉందో లేదో తెలీదు.

తాగేనీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, 2000 మీటర్ల పైన అయితే 3 నిమిషాలు మరగనివ్వాలి. తిండి, మందులు మీవి మీరే తెచ్చుకోండి, దారి మూసుకుపోయిన ఊళ్లలో ఉన్న కాస్త సరుకూ అక్కడివాళ్లకే చాలదు.