ఇంట్లోనే చదువు, లెక్కలు: ప్రైమరీ పిల్లలతో ఏం చేయించాలి, ఎలా చేయించాలి?

మూడో తరగతి పాప తెలుగు పాఠం గడగడా చదివేస్తుంది. చదివాక "కాకి ఎందుకు ఎగిరిపోయింది?" అని అడిగితే మళ్లీ పుస్తకం వైపే చూస్తుంది. నాలుగో తరగతి బాబు 12వ ఎక్కం దాకా ఒప్పజెప్పేస్తాడు. ఆరుగురికి తలా మూడు ఇడ్లీలు వెయ్యాలంటే మొత్తం ఎన్ని కావాలో చెప్పమంటే బిక్కమొహం వేస్తాడు. విశాఖలో ఏ వీధిలో చూసినా ఇలాంటి పిల్లలు కనిపిస్తారు. చాలామంది స్కూలు బ్యాగు దించగానే ట్యూషన్‌కి పరిగెత్తేవాళ్లే. ఇంకో గంట ట్యూషన్ పెంచితే ఒప్పజెప్పడం ఇంకాస్త బాగుపడుతుందేమో. చదివింది అర్థమవ్వాలన్నా, లెక్క చేతికి రావాలన్నా ఇంట్లో రోజూ జరిగే పనుల్లోకి అక్షరాలూ అంకెలూ రావాలి. దీనికి రోజుకి 20 నిమిషాలు చాలు, ఖర్చు దాదాపు ఉండదు.

1. ముందు పిల్లలు ఎక్కడున్నారో చూడండి

ఏ తరగతి అన్నది కాసేపు పక్కన పెట్టండి. రెండో తరగతి తెలుగు పుస్తకం తీసి ఒక చిన్న పేరా చదివించండి. తడబడితే ఒక్క వాక్యం, అదీ కష్టమైతే విడి పదాలు, ఆ తర్వాత అక్షరాలు. ఎక్కడ సాఫీగా చదవగలిగారో అక్కడి నుంచి మీ పని మొదలు.

లెక్కల్లో మూడు పనులు చాలు. మీరు పైకి చెప్తే 47, 74, 105 రాయమనండి. 'నూట అయిదు' అనగానే 1005 అని రాసే పిల్లలు బోలెడుమంది ఉంటారు. స్థాన విలువ అర్థం కాలేదని దాన్ని బట్టి తెలిసిపోతుంది. తర్వాత 32లోంచి 15 తీసేయమనండి. చివరగా ఒక మాటల లెక్క ఇవ్వండి: "నీ దగ్గర 8 గోళీలున్నాయి, తమ్ముడి దగ్గర నీకన్నా 3 ఎక్కువున్నాయి, ఇద్దరి దగ్గరా కలిపి ఎన్ని?"

ఇది పరీక్షలా అనిపించకూడదు. మార్కులు వెయ్యకండి, పక్కింటి పిల్లల ఊసు అసలే ఎత్తకండి. నాలుగో తరగతి పిల్లాడు రెండో తరగతి పేరా దగ్గర ఆగిపోతే టెన్షన్ పడాల్సిన పని లేదు, అక్కడి నుంచే మొదలుపెట్టాలి, అంతే. మూడో తరగతి పూర్తయ్యేలోగా ప్రతి పిల్లా పిల్లాడూ అర్థం చేసుకుంటూ చదవాలి, మామూలు లెక్కలు చేయగలగాలి అన్న లక్ష్యంతోనే కేంద్ర ప్రభుత్వం 2021లో నిపుణ్ భారత్ కార్యక్రమం మొదలుపెట్టింది. ఈ పునాది పడకపోతే పై తరగతుల్లో సైన్సు, సోషల్ కూడా కొరుకుడు పడవు.

ఈ రోజు చదివించిన పేరా ఏది, ఇచ్చిన లెక్కలేవి అన్నది ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసి ఉంచండి. నెల పోయాక పనికొస్తుంది.

2. చెవితో మొదలుపెట్టండి

ఒకటి, రెండు తరగతుల పిల్లలకి పలకా బలపం కన్నా ముందు చప్పట్లు. పేర్లు విడదీసి చప్పట్లు కొట్టించండి: వి-శా-ఖ-ప-ట్నం, అయిదు. అమ్మ పేరుకి ఎన్ని, మామ్మ పేరుకి ఎన్ని? ఇది వంట చేస్తూ ఆడొచ్చు, బండి మీద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడూ ఆడొచ్చు. తర్వాత గొలుసు పదాలు: మీరు 'పలక' అంటే వాళ్లు 'క'తో 'కమల', మీరు 'ల'తో 'లత'.

దీర్ఘాలు ఎగరగొట్టేసే పిల్లలకి జంట పదాలు బాగా పనిచేస్తాయి: నెల–నేల, వడ–వాడ, పుట–పూట, తెగ–తేగ, కొన–కోన. ఒక పదం మీరు పలకండి, రెండిట్లో ఏదో వాళ్లు చూపించాలి. 'ఒక వడ' అన్నప్పుడు ప్లేటు చూపించారా, వీధి చూపించారా అన్నదాంతో నవ్వూ వస్తుంది, తేడా కూడా గుర్తుంటుంది. సున్నకీ ఇదే పద్ధతి: బడి–బండి, పట–పంట, గడి–గండి. వత్తులకి గుడి–గుడ్డి, గడి–గడ్డి. చెవికి తేడా తెలిశాకే రాయించండి. తేడా వినపడని పిల్లలతో అదే పదం యాభై సార్లు రాయించడం వల్ల చెయ్యి నొప్పి తప్ప ఏమీ రాదు.

3. ఊళ్లోని బోర్డులే వాచకం

పుస్తకం చూస్తే పారిపోయే పిల్లలు కూడా బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే బోర్డులు చదువుతారు. మన ఏరియాల పేర్లని కష్టాన్ని బట్టి మూడు మెట్లుగా పెట్టుకోవచ్చు. మొదటి మెట్టు, వత్తులు లేనివి: ఆరిలోవ, గాజువాక, మధురవాడ, ఎండాడ, కంచరపాలెం, భీమిలి. రెండోది, అదే అక్షరానికి అదే వత్తు ఉన్నవి: మద్దిలపాలెం, సీతమ్మధార, అక్కయ్యపాలెం. మూడోది, వేరే అక్షరం వత్తుగా వచ్చేవి: పెందుర్తి, ద్వారకానగర్, కూర్మన్నపాలెం, విశాఖపట్నం. వారానికి ఒక మెట్టు. వెళ్లే దారిలో ఆ పేర్లు ఎక్కడ కనపడితే అక్కడ పిల్లలే ముందు చదవాలి, మీరు నోరు కట్టేసుకోవాలి. కష్టమైనది ఆ నోరు కట్టేసుకోవడమే.

ఇంటికొచ్చాక అవే పేర్లు చిన్న అట్టముక్కల మీద రాసి, అక్షరాల దగ్గర కత్తిరించి, మళ్లీ అతికించమనండి. కూర్మన్నపాలెం అతికించగలిగితే వత్తులు చాలావరకు వచ్చినట్టే.

4. పుస్తకం చదివేటప్పుడు

పది నిమిషాలు. ముందు మీరు వేలు పెట్టి చూపిస్తూ ఒక పేరా చదవండి, తర్వాత ఇద్దరూ కలిసి, ఆ తర్వాత పిల్లలు ఒక్కరే. ఒకే పేరాని ఇలా మూడుసార్లు చదివితే వేగం దానంతట అదే వస్తుంది. పదం దగ్గర ఆగిపోతే వెంటనే అందించెయ్యకండి. మనసులో అయిదు లెక్కపెట్టండి, అప్పటికీ రాకపోతే చెప్పేసి ముందుకెళ్లండి. ప్రతి తప్పునీ ఆపి దిద్దితే కథ తెగిపోతుంది, చదవాలన్న ఇష్టం కూడా పోతుంది.

చదివాక "ఏం అర్థమైంది?" అని అడగొద్దు, దానికి ఏ పిల్లలూ జవాబు చెప్పలేరు. కథలో ఉన్నదే ఒకటి అడగండి (ఎవరు, ఎక్కడ), కథలో నేరుగా లేనిది ఒకటి (ఎందుకలా చేసి ఉంటుంది), వాళ్ల గురించి ఒకటి (నువ్వైతే ఏం చేసేవాడివి). పొడుపు కథలు కూడా చదివించొచ్చు. తెల్లని పొలంలో నల్లని విత్తనాలు, చేత్తో చల్లుతాం, నోటితో ఏరుతాం, ఏమిటది? నాలుగు ముక్కలే కాబట్టి చదవడానికి బద్ధకించరు, జవాబు కోసం అర్థం వెతుక్కోక తప్పదు.

మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల్లో భాషా వాచకాలు కాని పుస్తకాలు 2020–21 నుంచి ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు రెండిట్లోనూ వస్తున్నాయి. చాలా ఇళ్లలో తెలుగు పేజీ తెరవకుండానే పోతోంది. ముందు తెలుగు పేజీ చదివించి, మాట్లాడించి, అప్పుడు ఇంగ్లీషు పేజీకి వెళ్లండి. విషయం ముందే తెలుసు కాబట్టి అక్కడ పట్టించుకోవాల్సింది కొత్త మాటలే. ప్రైవేటు స్కూల్లో చదివే పిల్లల కోసం పక్కింటివాళ్ల దగ్గర ఆ పుస్తకం అడిగి తెచ్చుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

5. రాయడం

కాపీ రైటింగ్ స్కూల్లో ఎలాగూ ఉంటుంది. ఇంట్లో ఎవరో ఒకరు చదివే రాత రాయించండి: సామాన్ల లిస్టు, ఫ్రిజ్ మీద అతికించే చీటీ, ఊళ్లో ఉన్న తాతయ్యకి రెండు వాక్యాలు. తాతయ్యకి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే ఆయన తప్పకుండా జవాబిస్తారు. ఆ జవాబు చదవడం కూడా చదువే. దిద్దేటప్పుడు ఒక రోజుకి ఒక రకం తప్పే, ఈ రోజు దీర్ఘాలు, రేపు వత్తులు.

6. లెక్కలు: పుల్లలతో పదుల కట్టలు

కొత్త కొబ్బరి చీపురు పుల్లలు జానెడు ముక్కలుగా విరవండి, లేదా ఐస్‌క్రీమ్ పుల్లలు పోగెయ్యండి. రబ్బరు బ్యాండ్లు కొన్ని. పది పుల్లలైతే ఒక కట్ట, ఇదొక్కటే నియమం. 23 అంటే రెండు కట్టలు, మూడు విడి పుల్లలు. 'నలభై ఏడు తే' అంటే నాలుగు కట్టలు తీసి ఏడు విడివి ఇవ్వాలి. కొన్ని రోజులు తెచ్చివ్వడమే ఆట, పెన్సిల్ వద్దు.

తర్వాత తీసివేత. 32 పెట్టించి "ఇందులోంచి 15 నాకిచ్చెయ్" అనండి. విడిగా రెండే ఉన్నాయి, అయిదు ఇవ్వాలి. ఇక్కడ మీరు మాట్లాడకండి. కాసేపు చూసి పిల్లలే ఒక కట్ట రబ్బరు బ్యాండు తీసేస్తారు. ఇప్పుడు విడివి 12, అయిదు పోతే ఏడు. మిగిలిన రెండు కట్టల్లో ఒకటి పోతే ఒకటి. జవాబు 17. స్కూల్లో 'పక్కంకె దగ్గర అప్పు తెచ్చుకో' అంటారు. తెచ్చిన అప్పు ఎప్పుడూ తీర్చని ఈ వింత లెక్క పిల్లలకి ఎందుకు ఎక్కదో పుల్లలు చూస్తే మనకీ తెలుస్తుంది. కట్ట విప్పిన చెయ్యే పుస్తకంలో 3 కొట్టేసి 2 రాయాలి. ఒక వారం పుల్లలూ కాగితమూ పక్కపక్కనే ఉంచి, తర్వాత పుల్లలు తీసెయ్యండి.

పది కట్టలు కలిపి పెద్ద తాడుతో కడితే వంద. 1005 అని రాసిన పిల్లలకి నూట అయిదు చూపించండి: ఒక పెద్ద కట్ట, చిన్న కట్టలు అసలు లేవు, విడివి అయిదు. లేని చోట సున్నా. ఒకే ఒక్క సున్నా.

7. ఎక్కాలు, అర, పావు

ఎక్కాలు నోటికి రావాల్సిందే, అందులో మొహమాటం లేదు. కానీ నోటికొచ్చిన ఎక్కం కంటికి కూడా కనపడాలి. గుడ్ల అట్టలో అయిదు వరసలు, వరసకి ఆరు, మొత్తం 30. అట్ట పక్కకి తిప్పితే ఆరు వరసలు, వరసకి అయిదు, అవే 30. నాలుగు గుంటల ఇడ్లీ ప్లేట్లు మూడు పెడితే ఎన్ని? ఇంటికి అయిదుగురు బంధువులొస్తే తలా మూడు చొప్పున ఎన్ని వాయిలు వెయ్యాలి? ఈ ఆఖరి లెక్క పెద్దవాళ్లకి కూడా కావాల్సిందే.

అర, పావు, ముప్పావు నేర్పడానికి రైతు బజారుని మించిన బడి లేదు. ఎంవీపీ కాలనీదైనా, మీ దగ్గర్లో ఉన్న ఇంకోటైనా సరే. కూరగాయల ధరల బోర్డు పిల్లలతోనే చదివించండి. టమాటా కిలో 40 రూపాయలనుకుంటే అర కిలో, పావు కిలో, ముప్పావు కిలో ఎంత? ముప్పావు దగ్గర చాలామంది ఆగుతారు. అరా పావూ కలపమని చెప్తే 30 వచ్చేస్తుంది.

ఒక ఇబ్బంది ఉంది. ఇప్పుడు అందరం ఫోన్‌పే కొట్టేస్తున్నాం కాబట్టి పిల్లల చేతికి చిల్లర రావడం మానేసింది. వారానికి ఒక్కసారైనా వంద నోటిచ్చి వీధి చివర కొట్టుకి పంపండి. 63 రూపాయల సామాను కొంటే ఎంత తిరిగి రావాలి? కొట్టతను తీసివేత చెయ్యడు, పైకి లెక్కపెడతాడు: 63 నుంచి 70కి ఏడు, 70 నుంచి వందకి ముప్ఫై, మొత్తం 37. తీసివేతంటే భయపడే పిల్లలకి ఈ దారి చాలా తేలిక.

నాలుగు, అయిదు తరగతుల వాళ్ల చేతికి కరెంటు బిల్లు ఇవ్వండి. పోయిన నెల రీడింగు, ఈ నెల రీడింగు చూసి ఎన్ని యూనిట్లు కాలిందో తీసి, బిల్లులో వేసిన యూనిట్లతో సరిపోల్చమనండి. శ్లాబుల జోలికి మాత్రం వెళ్లకండి, అది మనకే సరిగ్గా అర్థం కాదు.

8. ఆదివారం ఆటలు

అష్టాచమ్మా ఆడటానికి గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కలు ఒక వైపు అరగదీయండి. తెల్లగా పైకి పడ్డవి ఎన్నో అన్ని గడులు, నాలుగూ తెల్లగా పడితే నాలుగు, నాలుగూ నల్లగా పడితే ఎనిమిది. ఎదుటివాళ్ల కాయని చంపాలంటే ఎంత పడాలి, మధ్యలో ఉన్న పంటలోకి వెళ్లాలంటే ఎంత కావాలి అని ప్రతి పందేనికీ కూడికలు, తీసివేతలు నడుస్తూనే ఉంటాయి. వామనగుంటల్లో 14 గుంటలు. గుంటకి అయిదు పిక్కలు చొప్పున పోస్తే మొత్తం ఎన్ని కావాలో ఆట మొదలవకముందే పిల్లలే తేల్చాలి. నియమాలు మామ్మనో అమ్మమ్మనో అడగండి, ఇంటింటికీ కొంచెం తేడాగా ఉంటాయి.

9. నెల తర్వాత

నోటుబుక్కు తీసి మొదటి రోజు చదివించిన పేరానే, అవే లెక్కల్నే మళ్లీ ఇవ్వండి. బాగుపడితే తర్వాతి మెట్టుకి వెళ్లండి. రోజూ చేసినా అక్కడే ఉంటే ఆ నోటుబుక్కు పట్టుకుని టీచర్‌ని కలవండి. 'మావాడు చదవట్లేదండీ' అనే కన్నా 'వత్తులున్న పదాల దగ్గర ఆగుతున్నాడండీ' అంటే వాళ్లకీ సాయం చెయ్యడానికి దారి దొరుకుతుంది. పుస్తకం ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుంటున్నా, బోర్డు కనపడట్లేదంటున్నా ముందు కళ్లు పరీక్ష చేయించండి. అక్షరాలు, అంకెలు తిరగేసి రాయడం ఆరేడేళ్ల పిల్లల్లో మామూలే. ఎనిమిదేళ్లు దాటాక కూడా అలాగే ఉంటే, మీలో మీరు మథనపడకుండా టీచర్‌తోనూ, పిల్లల డాక్టర్‌తోనూ ఒకసారి మాట్లాడండి.